నలుగురు మోసిన పరుపు

ప్రియ చదువరీ, కపెర్నహూములో పక్షవాయువు గలవానిని ప్రభువునొద్దకు మోసికొని వచ్చినవారు నలుగురు. వారి పేర్లు సువార్తలో లేవు. వారిలో ఒక్కడు తన మూల విడిచినను రోగి క్రింద పడియుండును. ఆసుపత్రి పనియు అట్టిదే.

శ్రీకాకుళం జిల్లా సోంపేటలో కెనడియన్ బాప్టిస్టు మిషనువారు నడిపిన ఆరోగ్యవరం ఆసుపత్రిని గూర్చి నీవు వినియుందువు. అచ్చటి నేత్రవైద్యుడు డాక్టరు బెన్ గల్లిసన్ చేసిన విన్నపము విని, కెనడాలోని కాల్గరీ పట్టణపు వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ అంధుల కొరకు విరాళములు కూర్ప పూనుకొనెను. 1963లో ఆపరేషన్ ఐసైట్ అను సంస్థ అట్లు పుట్టినది. ఆ యిద్దరి పేర్లు చరిత్రలో నిలిచినవి. మంచము ప్రక్క నిలిచిన నర్సుల పేర్లు మనలో ఎందరికి తెలియును?

ఆ కాలములో శుక్లము తీయుట కొద్దిసేపటి పని. తీసిన కన్నును కాపాడుట దినముల పని. రోగి కన్నులకు కట్టుతో, తల కదల్పక, దినముల తరబడి వెల్లకిల పరుండవలెను. గట్టిగా దగ్గినను గాయము విచ్చుకొనవచ్చును. అతనికి జావ త్రాగించునది, మలమూత్రములకు సాయపడునది, నిద్రలో అతని చేయి కట్టుమీదికి పోకుండ కనిపెట్టునది నర్సు. కాని ఆమె యొక్కతె చాలదు. ఊడ్చువారు దుమ్ము లేపినచో రోగికి దగ్గు వచ్చును. వంటవారు కారము ఎక్కువ వేసినచో పొలమారును. కట్టు తడిసినదని నర్సు చెప్పగా వైద్యుడు కసరినచో, మరునాడు ఆమె చెప్ప వెనుకాడును, నష్టము రోగిది. అందరి మనస్సును ఆ కన్నుమీదనే యున్నప్పుడు నర్సు భయము లేక పనిచేయును, రోగి నెమ్మది పొందును.

నేడు కంటిలో కృత్రిమ కటకము అమర్చి, చాలమందిని ఆ దినముననే ఇంటికి పంపుచున్నారు. పద్ధతి మారినది గాని ఈ సత్యము మారలేదు.

అయితే ఒక హెచ్చరిక. సేవాభావము అని గోడమీద వ్రాసి, దానిని నర్సుకు మాత్రమే బోధించుట సులభము. రెండు వార్డులకు ఆమె నొక్కతెనే కాపుంచి, జీతము ఆలస్యము చేసి, దానికి త్యాగమని పేరు పెట్టుట న్యాయమా? నడుమునకు తువాలు కట్టుకొని పాదములు కడిగినవాడు శిష్యుడు కాడు, బోధకుడే.

చదువరీ, మనము ఆమెను సిస్టరని పిలుచుచున్నాము. సహోదరిగా చూచుచున్నామా? నీవు వైద్యుడవైనను, ఆసుపత్రి కమిటీ సభ్యుడవైనను, రోగి బంధువవైనను, ఆ పరుపు మూల ఒకటి నీ చేతిలోను ఉన్నది. దానిని విడువకుము.