కట్టని గోపురం కథ

ఎండిన ఎడారిగాలి మీద నీళ్ళు చిలికితే అది చల్లబడుతుంది. చల్లబడితే బరువెక్కుతుంది. బరువెక్కితే క్రిందికి దిగుతుంది. వేసవిలో గుమ్మాలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లిన తరం వారికి వీటిలో మొదటి మాట కొత్త కాదు. తక్కిన రెండు మాటలను పట్టుకొని, ఆ దిగే గాలి చేత చక్రాలు త్రిప్పించి విద్యుత్తు తీయవచ్చునని తలచినవారి చరిత్ర ఇది. ఇంగ్లీషువారు దీనిని ఎనర్జీ టవర్ అన్నారు. నేను అధోవాత గోపురం అంటున్నాను. ఇంతకన్న చక్కని మాట తోచినవారు తెలుపగలరు.

1973 నాటి చమురు సంక్షోభం తరువాత పాశ్చాత్యదేశాలలో ఇటువంటి ఊహలు ముమ్మరమైనవి. అమెరికాలో ఫిలిప్ కార్ల్‌సన్ అనే ఇంజనీరు 1975లో ఈ గోపురానికి పేటెంటు పొందాడు. దానిని శాస్త్రంగా పెంచి పెద్దచేసినవారు మాత్రం ఇజ్రాయెల్‌లో హైఫా నగరపు టెక్నియన్ విద్యాసంస్థకు చెందిన డాన్ జస్లావ్‌స్కీ, ఆయన సహచరుడు రామీ గ్వెట్టా. జస్లావ్‌స్కీ నేలలను, నీటిని చదివిన ఆచార్యుడు. దేశ జలవనరుల కమిషనరుగా కూడ పనిచేశాడు. 1980 దశకం మొదలుకొని దశాబ్దాల పాటు ఆయన ఈ ఒక్క గోపురాన్ని పట్టుకొని వదలలేదు. హీబ్రూలో దానికి 'అరుబోత్ షరావ్' అని పేరు. షరావ్ అంటే మన వడగాలి వంటిదే. వడగాలికి పొగగొట్టం కట్టి దాని చేత ఊడిగం చేయించుకోవడమన్న మాట! పేరు పెట్టడంలో వారు మనకన్న రసికులని ఒప్పుకోవలసిందే.

వారు గీసిన గోపురం ఎత్తు సుమారు 1200 మీటర్లు, వ్యాసం సుమారు 400 మీటర్లు. ఎర్రసముద్రపు నీటిని అరావా లోయకు తెచ్చి, గోపురం కొసకు ఎక్కించి, సన్నని తుంపరగా చల్లాలి. గాలి దిగివచ్చి అడుగున చుట్టూ అమర్చిన టర్బైన్లగుండా బయటికి పోతుంది. పగలు వేడెక్కిన గాలి రాత్రి కూడ పొడిగానే ఉంటుంది కనుక సూర్యుడు క్రుంకినా యంత్రం ఆగదు. సౌరవిద్యుత్తుకు లేని సుగుణం ఇది.

మరి నీటిని అంత ఎత్తు ఎక్కించే ఖర్చు వచ్చే రాబడిని మింగివేయదా? ఎవరికైనా మొదట కలిగే శంక ఇదే. ఉజ్జాయింపుగా లెక్క చూద్దాం. ఒక గ్రాము నీరు ఆవిరైతే ఒక కిలో గాలి సుమారు రెండున్నర డిగ్రీలు చల్లబడుతుంది. అయిదు గ్రాములైతే పన్నెండు డిగ్రీలకు పైమాటే. అప్పుడు ఆ గాలి చుట్టూ ఉన్న గాలికన్న వందకు నాలుగు పాళ్ళు బరువెక్కుతుంది. అంటే కిలో గాలికి నలభై గ్రాముల అదనపు బరువు లాభం. ఎక్కించిన నీరు అయిదు గ్రాములు. ఎక్కేదీ దిగేదీ ఒకే ఎత్తు గనుక, పెట్టుబడి రాబడిలో ఎనిమిదవ వంతు మాత్రమే. కాగితం మీద గోపురం గెలిచింది.

కాని కాగితం మీద పంపు అరగదు, తుంపరకు ఒత్తిడి అక్కరలేదు. చల్లిన నీరంతా ఆవిరి కాదు కనుక ఎక్కువ చల్లాలి. గోడల రాపిడి కొంత, టర్బైన్లు పోగొట్టేది కొంత. ఇవన్నీ కలిస్తే ఆ ఎనిమిదవ వంతు కాస్తా మూడవ వంతు దాటి సగం వైపు నడుస్తుంది. అయినా మిగులు ఉంటుంది. కనుక ప్రకృతి ధర్మాన్ని బట్టి ఈ ఊహను త్రోసివేయలేము. చిక్కు మరొకచోట ఉన్నది.

2010లో పూర్తయిన దుబాయిలోని బుర్జ్ ఖలీఫా ఎత్తు 828 మీటర్లు. రాజస్థాన్ కాలీసింధ్ విద్యుత్కేంద్రపు శీతల గోపురాలు ప్రపంచంలోనే మిక్కిలి ఎత్తైనవాటిలో చేరినవి. అవి 202 మీటర్లు. వాటికి ఆరింతల ఎత్తు గొట్టాన్ని గాలివానకు, భూకంపానికి నిలిచేటట్లు కట్టాలి. చిన్నది కట్టి పరీక్షిద్దామంటే, ఎత్తుతోబాటు రాబడి తగ్గినా రాపిడి నష్టాలు అంతగా తగ్గవు. పైగా ఉప్పునీటి తుంపర చుట్టుపక్కల నేలమీద పడితే ఆ నేల చవుడు బారుతుంది.

దీని తోబుట్టువు, వేడిగాలిని పైకి పంపే గోపురం, ఈ విషయంలో అదృష్టవంతురాలు. జర్మన్ ఇంజనీరు యోర్గ్ ష్లాయిష్ స్పెయిన్‌లోని మంజనారెస్ వద్ద 195 మీటర్ల నమూనా కట్టాడు. 1982 నుండి అది యాభై కిలోవాట్ల శక్తిని చూపింది. 1989లో గాలివానకు కూలింది. కూలితే కూలినది, ఒకసారి నిలిచి చూపించింది! అధోవాత గోపురానికి ఆ పాటి భాగ్యం కూడ పట్టలేదు. అమెరికాలో ఒక సంస్థ అరిజోనాలోని శాన్ లూయిస్ వద్ద 2,250 అడుగుల గోపురానికి 2014లో పట్టణ అనుమతి తెచ్చుకున్నది కాని, గోపురం లేవలేదు.

మన దేశానికీ ఈ కథలో చిన్న పాత్ర ఉన్నది. 2001 డిసెంబరులో జస్లావ్‌స్కీ బృందం ఇజ్రాయెల్-భారత సంయుక్త సంఘం పేరిట ఒక నివేదిక వెలువరించింది. తెలుగునాట ఎక్కడ పొసగుతుందని ఆలోచిస్తే నాకు తోచేది ఇది: కోస్తాలో సముద్రమున్నది, గాలి చెమ్మగిలి ఉంటుంది; రాయలసీమలో పొడిగాలి ఉన్నది, నీరు లేదు. త్రాగునీటికే వెదుకులాడే సీమలో ఆకాశం మీద నీళ్ళు చల్లుదామన్నవాడిని జనం ఊరుకోరు, ఊరుకోకూడదు కూడ. ఆ ఎండను మరొక దారిన వాడుకున్నారు. 2017లో కర్నూలు జిల్లాలో వేయి మెగావాట్ల సౌరఫలకాల క్షేత్రం నడకకు వచ్చింది. ఫలకాల ధర కార్ల్‌సన్ పేటెంటు నాటికీ నేటికీ నూటికి తొంభై తొమ్మిది పాళ్ళకు పైగా తగ్గింది. జస్లావ్‌స్కీ లెక్కలను ఓడించినది గాలి కాదు, ఈ ధర.