ధర వెనుక కారణం: ట్రాయ్ చట్టం సెక్షన్ 11(4) పరిశీలన

ఒక కంపెనీ నంబరు నుంచి మరో కంపెనీ నంబరుకు కాల్ వెళితే, అందుకున్న కంపెనీకి మొదటిది నిమిషానికి ఇంత అని చెల్లించే పద్ధతి మన మొబైల్ రంగంలో 2020 చివరి దాకా నడిచింది. ఈ ఇంటర్‌కనెక్షన్ ఛార్జీని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లో 14 పైసల నుంచి 6 పైసలకు తగ్గించింది. 2020లో సున్నా కావలసింది 2021కి వాయిదా పడింది. ఖర్చును ఏ పద్ధతిలో లెక్కగట్టాలన్నదే ఆ పైసలను తేల్చింది. ఇంత అధికారానికి చట్టం పెట్టిన షరతులేమిటి?

1997 నాటి ట్రాయ్ చట్టం సెక్షన్ 11(2) ప్రకారం ధరలను గెజెట్‌లో ఉత్తర్వుగా ప్రకటించాలి. వేర్వేరు వర్గాలకు వేర్వేరు ధరలు పెడితే కారణాలు నమోదు చేయాలి. ఇంటర్‌కనెక్షన్ ఛార్జీలు సెక్షన్ 36 కింద రెగ్యులేషన్లుగా వచ్చాయి. ఉత్తర్వుపై టెలికాం వివాదాల ట్రిబ్యునల్ టీడీశాట్‌కు అప్పీలు చేయవచ్చు. రెగ్యులేషన్ చెల్లుబాటును మాత్రం టీడీశాట్ విచారించజాలదని ఇంటర్‌కనెక్షన్ పోర్టు ఛార్జీల వివాదంలో (బీఎస్ఎన్ఎల్ వర్సెస్ ట్రాయ్, 2013) సుప్రీంకోర్టు తేల్చింది. మిగిలేది హైకోర్టులో రిట్. టెలికాం రంగం తెలిసిన సభ్యులకు చోటున్న ట్రిబ్యునల్ చేయగలిగినట్టు, రిట్ విచారణలో ఖర్చుల లెక్కను విప్పి చూడడం కష్టం. కాబట్టి అంకెలకు నిజమైన పరీక్ష ట్రాయ్ దగ్గరే జరగాలి. తన పనిలో పారదర్శకత పాటించాలని సెక్షన్ 11(4) ఒక్క వాక్యంలో చెప్పింది. ఆ వాక్యం మీద ఇంత భారం ఉంది.

దాని పదును 2016 మే 11న బయటపడింది. మధ్యలో తెగిన ప్రతి కాల్‌కు రూపాయి చొప్పున, రోజుకు మూడు కాల్స్ వరకు పరిహారం ఇవ్వాలన్న రెగ్యులేషన్‌ను ఢిల్లీ హైకోర్టు సమర్థించినా, సుప్రీంకోర్టులో జస్టిస్ కురియన్ జోసెఫ్, జస్టిస్ నారిమన్ ధర్మాసనం కొట్టేసింది. కాల్ డ్రాప్స్‌లో 2 శాతం పరిమితిని నాణ్యతా ప్రమాణాలే అనుమతించాయి. ఆ రెగ్యులేషన్ ప్రకారం ఆ పరిమితి దాటని కంపెనీ కూడా పరిహారం కట్టాల్సి వచ్చేది. 36.9 శాతం డ్రాప్స్‌కు వినియోగదారుల వైపు కారణాలున్నాయని ట్రాయ్ సొంత సాంకేతిక పత్రమే చెప్పగా, రెగ్యులేషన్ తప్పంతా కంపెనీలదేనని అనుకుంది. సంప్రదింపుల పత్రం వచ్చింది, అభిప్రాయాలూ వచ్చాయి. ముఖ్యమైన అభ్యంతరాలకు హేతుబద్ధమైన జవాబు మాత్రం రాలేదు. 11(4) ఉల్లంఘన అక్కడే జరిగిందని కోర్టు చెప్పింది.

ఈ తీర్పు వినియోగదారునికి నష్టం చేసిందన్న విమర్శలో కొంత నిజముంది. పరిహారం నిజంగానే చేజారింది. అయినా కారణాలు రాయించడం వల్ల కంపెనీలకే మేలన్న వాదన నాకు అంగీకారం కాదు. కంపెనీలకు లాయర్లున్నారు, అకౌంటెంట్లున్నారు. మామూలు చందాదారుకు ధరల వెనుక లెక్క అర్థం చేసుకోవడానికి ట్రాయ్ వివరణ పత్రం తప్ప పెద్దగా ఆధారం లేదు.

ముసాయిదా ప్రకటించి, అభిప్రాయాలు తీసుకుని, వాటికి జవాబిచ్చే విధానంపై చట్టం చేయడాన్ని పార్లమెంటు ఆలోచించాలని అదే తీర్పు సూచించింది. అందాకా ట్రాయ్ ఆగనక్కర్లేదు. ప్రతి ముఖ్య అభ్యంతరాన్నీ, దానికి జవాబునూ, వాడిన లెక్కల నమూనానూ వివరణ పత్రంలో తప్పక చేర్చాలని సెక్షన్ 36 కింద తనకు తానే నియమం పెట్టుకోవచ్చు.