వడ్డించిన విస్తరి

'సర్వర్' అనగానే నాకు ముందు హోటల్లో ఇడ్లీ తెచ్చిపెట్టే సర్వరే గుర్తొస్తాడు. నవ్వకండి. కంప్యూటర్ల లోకంలో సర్వర్ చేసేదీ అదే: అడిగింది తెచ్చి ముందు పెట్టడం. అయితే వండి వడ్డిస్తుందా, లేక బియ్యం, పప్పు, కూరలు మన ముందు గుమ్మరించి 'వండుకోండి' అంటుందా? నలభై ఏళ్ల పైచిలుకు కథంతా అక్కడే ఉంది.

1982లో ఫ్రాన్సు టెలిఫోను శాఖవారు మినిటెల్ అనే చిన్న పెట్టెను చందాదారుల ఇళ్లకి పంచడం మొదలుపెట్టారు. లావుపాటి డైరెక్టరీలు అచ్చువేసేకంటే పెట్టెనే ఉచితంగా ఇద్దామని వాళ్ల ఆలోచన. చిన్న తెర, మడిచేసే కీబోర్డు. సొంత బుర్రంటూ దానికి లేదనే చెప్పాలి. ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటరు పంపిన పేజీని వరసకి 40 అక్షరాల చొప్పున చూపించడం, మనం నొక్కిన మీటల్ని తిరిగి అటు చేరవేయడం, అంతే! అయినా రైలు టిక్కెట్లు, బ్యాంకు లెక్కలు, సరుకులకి ఆర్డర్లు, ఆఖరికి ముక్కూమొహం తెలియనివాళ్లతో కబుర్లు కూడా అందులోనే. కొత్త సదుపాయం ఏదొచ్చినా మార్పులు పెద్ద కంప్యూటర్లోనే గనక, ఇంట్లో పెట్టె పాతదైనా ఇల్లాలికి చింత లేదు.

1989లో జెనీవా దగ్గర సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించిన వెబ్ కూడా మొదట్లో ఇదే తీరు. కాకపోతే, ఉప్పు అడిగితే విస్తరంతా ఎత్తేసి కొత్తది వేసినట్టు, చిన్న మార్పుకి కూడా పేజీ మొత్తం మళ్లీ రావాలి. 2004లో జీమెయిల్, మరుసటేడు గూగుల్ మ్యాప్స్ పేజీ కదలకుండానే పనులు జరిపి చూపించేసరికి అందరికీ మోజు పుట్టింది. పోనుపోను వంటంతా మన మీద పడింది. ప్రోగ్రాము మన ఫోనులోకి దిగాలి, ఫోనే పేజీ తయారుచేసుకోవాలి. కొత్త ఫోనువాళ్లకి ఫరవాలేదు. పిల్లవాడి పరీక్ష ఫీజుకి ఆఖరి రోజున, పాత ఫోను పట్టుకుని సిగ్నలు కోసం డాబా ఎక్కిన తల్లి మాటేమిటి? ఆవిడకి కనిపించేది తెల్లటి తెర, మధ్యలో తిరిగే చక్రం!

ట్విట్టర్ సంగతే చూడండి. 2010లో వంట బ్రౌజర్లకి అప్పగించి, 2012 మేలో మళ్లీ సర్వర్‌కే తెచ్చుకుంది. పేజీ తెరుచుకునే సమయం అయిదో వంతుకి దిగిందని వాళ్ల ఇంజనీర్లే చెప్పారు. తమాషా ఏమిటంటే, ఆ మరుసటి నెల, జూన్ 30న, ఫ్రాన్సులో మినిటెల్‌ని శాశ్వతంగా ఆపేశారు.

2018లో క్రిస్ మెకార్డ్ ప్రకటించిన లైవ్‌వ్యూ, 2020లో కార్సన్ గ్రాస్ తెచ్చిన హెచ్‌టీఎంఎక్స్ మాత్రం ఉప్పు అడిగితే ఉప్పే వేస్తాయి. మీట నొక్కిన కబురు సర్వర్‌కి వెళ్తుంది. తెరమీద మారాల్సిన ముక్క ఒక్కటే తయారై వస్తుంది. లోపం లేదనను. లైను తెగితే వడ్డన ఆగినట్టే. ఆటలకీ, బొమ్మలు గీసే పనులకీ ఇది చాలదు. కానీ ఫీజులు, దరఖాస్తులు, రసీదులు — మన పనుల్లో ముప్పాతిక ఇవేగా? వాటికి నా ఓటు దీనికే.

మా అమ్మాయి ఆఫీసులో ఇప్పుడు రాస్తున్నది ఈ పద్ధతిలోనేనట. సరికొత్త పద్ధతమ్మా, అంది. మినిటెల్ పేరు చెబితే, "అదేం కంపెనీ?" అనడిగింది.