చెరువు దోషాలూ, కట్టినవాడి దోషాలూ

నాదెండ్ల అనే మాట తెలుగు విద్యార్థికి మొదట తగిలేది మాదయగారి మల్లన దగ్గర. ఆయన రాజశేఖర చరిత్రను నాదెండ్ల అప్పామాత్యుడికి అంకితమిచ్చాడు. ఎం.ఏ.లో నేనూ అంతవరకే చదువుకున్నాను. ఆ ఇంటిపేరున్న ఊళ్ళోనే తెలుగు పాఠం చెప్పుకుంటూ బతుకుతున్నాను గనక, కృతిభర్తల వంశావళి మీద కన్నా వాళ్ళ కాలంలో గట్లు పోసినవాళ్ళ మీద ఆసక్తి పెరిగింది. మన అవతారికల్లో ఏడు సంతానాలలో ఒకటిగా చెరువు వస్తుంది. దాన్ని తవ్వినవాడు రాడు.

ఈ వ్యాసానికి కారణం మాత్రం మల్లన కాదు. నా దగ్గర పదో తరగతి చదివిన కుర్రవాడొకడు ఇంజనీరయ్యాడు. ఒక ఆదివారం ఇంటికొచ్చి చాలాసేపు ఊరి కబుర్లే చెప్పాడు. లేవబోతూ అసలు సంగతి బయటపెట్టాడు.

"మాస్టారూ, కాలవ లైనింగు నాలుగంగుళాలని ఎం.బుక్కులో రాయమంటున్నారు. నేను కొలిస్తే మూడు కూడా లేదు."

"రాయకపోతే?"

"నన్ను తీసేసి రాసేవాణ్ణి వేస్తారు."

ఛందస్సు దోషాలు నేర్పిన మాస్టారుకి దీనికి జవాబు తెలియలేదు. అతను వెళ్ళాక పోరుమామిళ్ళ శాసనం తీశాను.

కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువును బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. 1369 నాటి ఆ సంస్కృత శాసనం దానపత్రం మాత్రమే కాదు, నిర్మాణశాస్త్రం కూడా. మంచి చెరువుకు కావలసిన సాధనాలు పన్నెండు చెప్పింది. జలశాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, దగ్గర్లో రాతి గనులు, కట్టే పనిలో నేర్పున్న మనుషులు వాటిలో కొన్ని. వెయ్యి మంది కూలీలు రెండేళ్ళు పనిచేశారనీ, రాయి తోలడానికి నూరు బళ్ళు పెట్టారనీ లెక్క కూడా చెప్పింది. మన ప్రబంధాలకు లేని నిజాయితీ ఇది. పేర్లు లేకపోయినా సంఖ్య ఉంది.

ఆ తరువాత ఆరు దోషాలు. గట్టు నుంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, చెరువు నడుమ మెరక, కొద్ది నీటికి ఎక్కువ పొలం, ఎక్కువ నీటికి కొద్ది పొలం. పాఠకులు గమనించాలి: వీటిలో చాలా భాగం చోటును ఎంచుకోవడంలో వచ్చేవి. ఊట ఒక్కటే పనివాడి చేతికీ, పని చూసేవాడి కంటికీ సంబంధించింది. శాసనకారుడు దాన్నే ముందు పెట్టాడు.

ఇక మా సాగరం. పల్నాడు పక్కనే కృష్ణ పారినా, 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్ట నీళ్ళు దిగువన డెల్టాకే పోయాయి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకు నీళ్ళు వదిలారు. ఆనకట్టను కాంక్రీటుతో కాక రాతి కట్టుబడితో లేపారు. యంత్రాలు తక్కువ, చేతులు ఎక్కువ. పాలమూరు కూలీలు తట్టలతో మోసిన రాయి నాలుగువందల అడుగులు పైకి లేచింది. ఎంతమందికి పని దొరుకుతుంది, ఎవరి భుజాన బరువు పడుతుంది అన్న ప్రశ్నలు కూడా ఆ నిర్ణయంలో ఉన్నాయి. లోయలోని ఇక్ష్వాకుల కట్టడాలు కొన్నిటిని రాయి రాయీ విప్పి, కొండమీదికి చేర్చి, తిరిగి నిలబెట్టారు. గొప్ప పని, కాదనను. అదే లోయలో ఊళ్ళున్నవాళ్ళు మాత్రం ఎక్కడి పొయ్యి అక్కడే వదిలి లేచారు.

మూడో దోషాన్ని సాగరం 2014లో తెచ్చుకుంది. 2023 నవంబరు 30న రెండు రాష్ట్రాల పోలీసులు ఆనకట్ట మీద ఎదురుబొదురు నిలబడ్డారు. శాసనకర్త ఆరున్నర శతాబ్దాల కిందటే చెప్పాడు గదా అని నవ్వుకోవచ్చు, కుడికాలవ కింద పొలం లేనివాళ్ళు.

మొదటి దోషానికి ఉదాహరణ దూరదేశంలో ఉంది. 1928 మార్చి 12 ఉదయం కాలిఫోర్నియాలో సెయింట్ ఫ్రాన్సిస్ డ్యాం దగ్గర కొత్త ఊట కనిపించిందని కాపలాదారు కబురు పెట్టాడు. దాన్ని కట్టించిన విలియం మల్‌హాలండ్ స్వయంగా వచ్చి చూసి, ప్రమాదం లేదని వెళ్ళాడు. అర్ధరాత్రి కాకముందే అది తెగింది. నాలుగు వందలకు పైగా జనం పోయారు. విచారణలో ఆయన తప్పు తనదే, ఇతరులను అనవద్దన్నాడు. చచ్చినవాళ్ళకు దానివల్ల ఒరిగిందేమీ లేదు. అయినా మన దగ్గర ఆ మాట ఎవరన్నారు? 2021 ఆగస్టు 5న పులిచింతల పదహారో గేటు కొట్టుకుపోయింది. ఆ నవంబరు 19న చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి కింది ఊళ్ళు మునిగాయి. దాని అయిదు గేట్లలో ఒకటి పనిచేయలేదని తరువాత పార్లమెంటులో కేంద్రమంత్రే చెప్పారు. పనిచేయని గేటు గురించి ఎవరో ఎవరికో కాగితం రాసే ఉంటారు. మన కార్యాలయాల్లో బాధ్యత కాగితంతోపాటు పై బల్లకు పోతుంది.

ఇదంతా చెబితే సంఘంలో ఒక మిత్రుడు కోప్పడ్డాడు. "వ్యవస్థను వదిలి చిన్న ఇంజనీరు నీతి పట్టుకుంటావేమయ్యా" అన్నాడు. అందులో సగం ఒప్పుకుంటాను. కాంట్రాక్టరు, అతని వెనకున్న నాయకుడు, పై అధికారి, వీళ్ళందరి ఒత్తిడీ ఆ కుర్రాడి మీదే. కాని కొలత రాసి ఎం.బుక్కులో మొదటి సంతకం చేసేది వాళ్ళు కాదు. ఆ సంతకం లేకుండా దొంగలెక్క సర్కారు లెక్క కాదు.

వారం తరువాత అతను ఫోను చేశాడు. కొలిచినంతే రాశాడట. బిల్లు ఆగింది, పని ఆగింది. నీళ్ళు వదిలే రోజులు దగ్గరపడుతున్నాయి. కాలవ చివరి రైతులు మా బడి అరుగు మీద కూర్చుని, పని ఆపినవాడెవడని నన్నే అడుగుతున్నారు.