తాతయ్య కుర్చీ మెరుపు

మా తాతయ్య పడకకుర్చీ పోయిన వేసవిలో నా ఫ్లాటుకి వచ్చింది. టేకు. చేతుల మీద పసుపుపచ్చగా నిగనిగలాడే పూత. ఆ మెరుపు నాకు నచ్చలేదు. పాత చెక్క అంటే మసగ్గా, ఒట్టి నూనె పట్టించినట్టు ఉండాలని ఎప్పుడో మనసులో పడిపోయింది మరి. పాలిష్ మేస్త్రీని పిలిచి, "ఈ నిగనిగ పోవాలి" అన్నాను.

ఆయన గుడ్డముక్కని స్పిరిట్‌లో ముంచి, కుర్చీ అడుగున ఎవరికీ కనపడని చోట రుద్దాడు. గుడ్డకి జిగటగా గోధుమరంగు అంటుకుంది. "లక్కండీ ఇది. నూనె వార్నీషైతే ఇలా కరగదు."

లక్క! భారతంలో పాండవుల్ని కాల్చడానికి కట్టిన ఇంటి లక్క, ఏటికొప్పాక బొమ్మల మీది లక్క, ఇదీ ఒకటే. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మలకి గుంపుగా అంటుకుని రసం పీల్చే చిన్న పురుగు తన చుట్టూ కట్టుకునే గూడు అది. కొమ్మల్నించి గీకి, కడిగి, కరిగించి, పల్చటి రేకుగా సాగదీస్తే షెల్లాక్. ఇంగ్లీషువాళ్ళ 'లాకర్' కూడా పోర్చుగీసు మీదుగా వెళ్ళిన మన లక్కే. ఒకప్పుడు గ్రామఫోన్ రికార్డులూ దీంతోనే చేసేవారు.

19వ శతాబ్దం మొదట్లో ఈ లక్కతోనే యూరప్‌లో 'ఫ్రెంచ్ పాలిష్' మొదలైంది. స్పిరిట్‌లో కరిగించిన షెల్లాక్‌ని దూది మీద బట్ట చుట్టిన ఉండతో, జారుడు కోసం ఒక్క చుక్క నూనె వేసి, సున్నాలు చుడుతూ, ఎనిమిది అంకె దిద్దుతూ రుద్దుతారు. చెక్క రంధ్రాలు ప్యూమిస్ పొడితో పూడుతాయి. పొర మీద పొర, రోజుల తరబడి. చివరికి అద్దం! ఆ మోజు ఎంత ముదిరిందంటే, అంతకు ముందు శతాబ్దంలో మైనంతోనో నూనెతోనో సరిపెట్టుకున్న బల్లల్ని కూడా గీకించి మరీ మెరిపించారు. తర్వాత వెగటు పుట్టింది. 1900 ప్రాంతంలో అమెరికాలో గుస్టావ్ స్టిక్లీ ఓక్ చెక్కకి అమ్మోనియా ఆవిరి పట్టించి, రంగు ముదిర్చి, మసకపూతతో అమ్మాడు. అంటే నేను 'సహజం' అనుకుంటున్న మసక కూడా ఎవరో తెచ్చిన ఫ్యాషనే.

మేస్త్రీకి ఈ గొడవంతా అక్కర్లేదు. మెరుపు తగ్గించడానికి పూత తీయనక్కర్లేదన్నాడు. నాలుగు సున్నాల స్టీల్ ఉన్నికి మైనం అద్ది రుద్దితే కంటికి ఆనని గీతలు పడతాయి, వెలుగు ఒకవైపే తిరిగిరాకుండా చెదిరిపోతుంది. అరపూట పని.

రుద్దబోతూ ఆగాడు. కుడిచెయ్యి చివర అరచేతి మేర లక్క అరిగిపోయి చెక్క బయటపడింది. "మీకు కావాల్సిన డల్లు ఇక్కడుంది చూడండి. పెద్దాయన చెయ్యి పెట్టిన చోటు. మొత్తం రుద్దితే ఇది అందులో కలిసిపోద్ది." కాసేపాగి, "ఆయన మాత్రం మెరవడానికే డబ్బులిచ్చుంటారు" అన్నాడు.

రుద్దొద్దన్నాను. ఎడమచేతి మీద ఒక తెల్లటి వలయం ఉంటే, దాన్ని మాత్రం స్పిరిట్ తడి గుడ్డతో తుడిపించాను. అది తాతయ్యది కాదు. కుర్చీ వచ్చిన మొదటి వారమే నేను పెట్టిన వేడి కాఫీగ్లాసుది.