మనిషి ఊరెళ్ళినా గొంతు ఇంట్లోనే

ఊరికి బయల్దేరేటప్పుడు మనకుండే బెంగ అంతా ఇంతా కాదు. గ్యాస్ కట్టేశామా, పాలవాడికి చెప్పామా, పెరటి తలుపు గడియ పెట్టామా అని రైలెక్కాక కూడా మనసు ఇంటి చుట్టూనే తిరుగుతుంటుంది. అయితే ఈ జబ్బు మనకొక్కరికే కాదండోయ్! ఇంట్లో సొంత వైర్‌లెస్ స్టేషన్ పెట్టుకుని, ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకుని, దేశదేశాలవాళ్ళతో కబుర్లాడే సరదా మనుషులున్నారు. వాళ్ళని అమెచ్యూర్లనీ, ముద్దుగా ‘హామ్’లనీ అంటారు. ఊరెళితే వాళ్ళ మనసంతా డాబామీది ఏరియల్ దగ్గరే! ఆ బెంగకి వాళ్ళొక విరుగుడు కనిపెట్టుకున్నారు. ఎక్కడో హోటలు గదిలో కూచుని, వెయ్యి మైళ్ళ అవతల తాళం వేసిన ఇంట్లోని రేడియోని పలికించడమే ఆ విరుగుడు.

ఇదంతా నిన్నమొన్నటి కంప్యూటర్ల మాయ అనుకుంటాం. కాదు. యంత్రాన్ని దూరాన్నుంచి ఆడించాలన్న కోరిక రేడియోకి కవలపిల్ల లాంటిది. 1898లో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా అనే శాస్త్రజ్ఞుడు ఒక నీటితొట్టిలో చిన్న పడవను వదిలి, తీగ అన్నది లేకుండా దాన్ని నడిపి చూపించాడు.

ఆ తర్వాత మార్కోనీ కంపెనీవారికి అవసరం కొద్దీ ఈ విద్య పట్టుబడింది. పెద్ద ట్రాన్స్‌మిటర్ మోగుతుంటే, పక్కనే ఉన్న రిసీవరుకి దూరదేశం నుంచి వచ్చే సన్నని సంకేతం వినబడదు. మిక్సీ తిరుగుతుంటే వీధిలో కూరలబ్బాయి కేక మనకి వినబడుతుందా? అలాగే! అందుకని 1914 ప్రాంతంలో వేల్స్ దేశంలో ట్రాన్స్‌మిటర్‌ని కార్నార్వన్ దగ్గర కొండమీదా, రిసీవర్‌ని ఎంతో దూరాన సముద్రపొడ్డున టవిన్ అనే ఊళ్ళోనూ పెట్టారు. ఆపరేటరు టవిన్‌లో కూచుని మీట నొక్కేవాడు. ఆ నొక్కు టెలిగ్రాఫ్ తీగమీద పోయి, కొండమీది యంత్రాన్ని అట్లాంటిక్ అవతలికి పలికించేది. మనిషొకచోట, గొంతొకచోట అన్నమాట!

ఆ రోజుల్లో హామ్‌ల సంగతి ఉమ్మడి కుటుంబంలో చిన్నకోడలి సంగతే. 1912లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి, మంచి తరంగాలన్నీ పెద్దవాళ్ళకిచ్చి, దూరం పోవడానికి పనికిరావనుకున్న 200 మీటర్లూ అంతకన్నా పొట్టివీ వీళ్ళకి వదిలేసింది. అడుగూబొడుగూ మిగిలిన గిన్నె చిన్నకోడలి వంతు కదా! ఆ మిగిలినదాంతోనే 1923 నవంబరులో ఫ్రాన్సులోని నీస్ నుంచి లియాన్ డెలాయ్, అమెరికాలోని కనెక్టికట్ నుంచి ఫ్రెడ్ ష్నెల్ సముద్రానికి అటూ ఇటూ కూచుని పలకరించుకున్నారు. అనామకమైన ఆ పొట్టి తరంగాల విలువ అప్పుడుగాని పెద్దలకు తెలిసిరాలేదు.

టెలిఫోను తీగలతో, మరో చిన్న రేడియో సాయంతో కొండమీది స్టేషన్లను నడిపినవాళ్ళు తర్వాత్తర్వాత వచ్చారు. ఇంటర్నెట్ వచ్చాక ఆ పని సులువైంది. ఇప్పుడు ఇంట్లోని రేడియో కంప్యూటరుకి కలిపి ఉంటుంది. మనిషి పొరుగూళ్ళోంచి స్టేషన్ మార్చగలడు, డాబామీది ఏరియల్‌ని తూర్పుకో పడమరకో తిప్పగలడు, మైకులో మాట్లాడగలడు. అపార్టుమెంట్లలో ఏరియల్ కట్టడానికి చోటుండదు, ఇరుగుపొరుగు ఛార్జర్లూ దీపాలూ చేసే గోలలో సంకేతం వినబడదు. అందుకని పల్లెటూరి ఇంట్లో రేడియో పెట్టి, పట్నంలోంచి నడిపేవాళ్ళూ ఉన్నారు.

మరి మధ్యలో లైను తెగితే? ట్రాన్స్‌మిటర్ ఆగకుండా మోగుతూనే ఉంటే? పొయ్యిమీద పాలు పెట్టి ఊరెళ్ళిపోయినట్టే! అందుకే, లైను పాడైతే మూడు నిమిషాలకు మించి పలక్కుండా దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉండాలని అమెరికా నిబంధన. ఇంకో పద్ధతి కూడా నాకు నచ్చింది. హామ్‌లు ఎన్ని దేశాలతో మాట్లాడితే అంత గొప్ప. ఆ లెక్కలో ట్రాన్స్‌మిటర్ ఉన్న దేశమే చెల్లుతుంది గాని, మాట్లాడే మనిషి కూచున్న దేశం కాదు. పారిస్‌లో కూచుని బెజవాడ రేడియోలో పలికితే అది బెజవాడ మాటే!

ఇంత సుఖంగా ఉన్నప్పుడు రేడియో మోసుకుని ఊళ్ళు తిరగడమెందుకు అనిపిస్తుంది. దీనికి జవాబు ఒక ఆడమనిషి చెప్పింది, మాటల్లో కాదు, చేతల్లో. 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ అండమాన్‌కి వెళ్ళారు. ఎన్నో ఏళ్ళ తర్వాత అక్కడినుంచి హామ్ గొంతు వినిపించడంతో, ప్రపంచమంతా ఆవిడ పలుకు కోసం ఎగబడింది. పోర్ట్‌బ్లెయిర్ హోటల్లో సరదాగా సాగుతున్న ఆ ముచ్చట 26వ తేదీ ఆదివారం పొద్దున్నే భూకంపంతో ఆగిపోయింది. వెనకే సునామీ! కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. ఆవిడ మళ్ళీ రేడియో సర్దుకుని కూచున్నారు. తమవాళ్ళు ఉన్నారో లేరో తెలియక ఈ ఒడ్డున అల్లాడిపోతున్నవారికి ఆ గొంతు ద్వారా కబుర్లు చేరాయి.

ఆలోచించండి. ఆ రేడియో అక్కడుండి ఆవిడ ఇక్కడుంటే? లైనుతోపాటే గొంతూ పోయేది. అన్నీ సవ్యంగా ఉన్నన్నాళ్ళూ ఎక్కడినుంచైనా ఇల్లు నడపొచ్చు. కష్టం వచ్చిన రోజున మాత్రం పక్కన మనిషుండాలి.

ఈ సంగతి ఏ నిబంధనల పుస్తకమూ చదవకుండానే మన ఆడవాళ్ళకు తెలుసు. రోజూ ఫోను చేసే పిల్లలున్నా, జ్వరం వచ్చిన రోజున పక్కింటావిడ తెచ్చిన చారన్నమే కదా ప్రాణం నిలబెట్టేది!