హాలీ సిక్కా నుండి నయాపైస దాకా – మన చిల్లర కథ

నికాహ్ మజ్లిస్‌లో ఖాజీ సాహెబు మెహర్ మొత్తం చదివి, చివర "సిక్కా రాయిజుల్ వఖ్త్" అనే మాట చేరుస్తారు. మనమంతా చెవులారా విన్నదే. విని, ఖర్జూరాల కోసం చేయి చాపుతాం. ఆ మాటకు అర్థం "ఆ కాలాన చెలామణిలో వున్న నాణెం" అని. ఇంత చిన్న మాట వెనుక మన ప్రాంతపు చరిత్ర ఎంతో దాగి వుంది. సొసైటీ సభ్యుల ముందు, ముఖ్యంగా మన పిల్లల ముందు దానిని క్లుప్తంగా పెడుతున్నాను.

భద్రాచలం పేరెత్తితే నాణేల మాట రాక తప్పదు. పాల్వంచ తహశీల్దారు కంచర్ల గోపన్న గుడికి ఖర్చు చేసిన సర్కారు సొమ్మును రామలక్ష్మణులే వచ్చి తానీషాకు ఆరు లక్షల మొహరీలుగా చెల్లించారని ఐతిహ్యం. అది బంగారు నాణేల కథ. మామూలు జనం చేతుల్లో ఆడిన చిల్లర కథ వేరు.

1948 వరకు ఖమ్మం నిజాం రాజ్యంలో, వరంగల్ జిల్లాలో భాగం. గోదావరి అవతల భద్రాచలం తాలూకా ఇంగ్లీషు వారి మద్రాసు రాజధానిలోనిది. నడుమ ఒక్క నది. సర్కార్లు రెండు, సిక్కాలు రెండు. ఇవతల హాలీ, అవతల కల్దార్. రెంటిలోనూ రూపాయికి పదహారు అణాలే, అణాకు పన్నెండు పైలే. పేర్లు ఒకటే గాని విలువ వేరు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్ రూపాయలతో సమానం. అంటే ఒక కల్దార్ రూపాయికి హాలీలో రూపాయి రెండణాల ఎనిమిది పైలు.

అడవి నుండి ఇప్పపువ్వో, చింతపండో తెచ్చి అమ్ముకునే మనిషికి ఈ లెక్క ఎవరు చెప్పాలి? ఏడు రూపాయల కల్దార్ సరుకుకు ఏడు హాలీలే పుచ్చుకుంటే ఏడింట ఒక వంతు పోయినట్టే. లెక్క రాకపోతే కష్టం ఎలా కరిగిపోతుందో పిల్లలు దీన్ని చూసి తెలుసుకోవాలి.

ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు వెండి హాలీ రూపాయి మీద చార్మినార్, దాని గుమ్మంలో "ఐన్" అక్షరం వుంటాయి. "హాలీ" అంటే "ప్రస్తుతపు" అనే అర్థం. అయితే ప్రస్తుతం ఎవరి కోసమూ ఆగదు. 1950లో భారత రూపాయి మన ప్రాంతానికి వచ్చింది. కొన్నాళ్లు రెండూ కలిసి నడిచాయి. తర్వాత హాలీ సిక్కా జారీ నిలిచిపోయి, ఆ దశాబ్దంలోనే చెల్లుబాటూ పోయింది.

అంతలోనే 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. రూపాయికి వంద నయాపైసలు. అణాకు సరిగ్గా ఆరుంబావు నయాపైసలు. ఆ పావును ఎవరు భరించాలి? పావలాకు ఇరవై అయిదు సరిగ్గా సరిపోయింది గాని, అణాకు ఆరు చొప్పున నాలుగుసార్లు ఇస్తే ఇరవై నాలుగే అయ్యాయి. 1964లో "నయా" అనే మాట తీసేశారు. ఈలోగా 1959లో భద్రాచలం తాలూకా తూర్పు గోదావరి నుండి ఖమ్మం జిల్లాకు వచ్చింది. రెండు ఒడ్లకూ ఒకే సిక్కా, ఒకే జిల్లా అయ్యాయి.

ఇక మా ఇంటి మాట. మా దాదీమా మెహర్ మూడువందల యాభై రూపాయలు, సిక్కా హాలీ. కల్దార్ లెక్కన మూడువందలు. దాదా బతికుండగా ఇవ్వలేదు. జనాజా లేవబోతుంటే పెద్దవాళ్లు ఆమె దగ్గరకు వచ్చి "మాఫ్ చెయ్యమ్మా" అన్నారు. ఆ ఏడుపులో ఆమె తల ఊపింది. అప్పటికే ఆ సిక్కా బజారులో లేదు. "ఇచ్చినా ఎక్కడ చెల్లేది బేటా" అని నవ్వేది గాని, ఆ నవ్వు నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మా చిన్నప్పటి అయిదు, పది, ఇరవై పైసలు, పావలా కూడా 2011 జూన్ 30 నుండి చెల్లకుండా పోయాయి. అర్ధరూపాయి మాత్రం చట్టప్రకారం నేటికీ చెల్లుతుంది – పది రూపాయల మొత్తం వరకు. రూపాయి, అంతకు పైబడిన నాణేలు వెయ్యి రూపాయల వరకు చెల్లుతాయి. పది రూపాయల నాణెం ఏ నమూనాదైనా చెల్లుతుందని రిజర్వు బ్యాంకు 2018లో స్పష్టంగా చెప్పింది. అయినా కొన్ని దుకాణాల్లో "ఇది నడవదు" అంటారు. దుకాణాలున్న మన సోదరులకు నా మనవి: సర్కారు రద్దు చేయని నాణేన్ని మనం రద్దు చేయవద్దు. అది ఏ బీద తల్లి గుల్లక్‌లో దాచుకున్నదో!

మరో మనవి పెళ్లికొడుకులకు. మెహర్‌ను సంతోషంగా ఇవ్వమని ఖురాన్ ఆదేశం. నాణెం మారుతుంది, విలువ కరుగుతుంది, బాకీ మాత్రం బాకీగానే వుంటుంది. కాబట్టి సిక్కా రాయిజ్‌గా వుండగానే, ఆమె చేతిలో పెట్టండి. అల్లాహ్ మనందరికీ ఆ తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.